దండ కట్టే చెయ్యి ఒక్కటే అయితే

పాల ప్యాకెట్, నీళ్లు పట్టుకునే నీలం డ్రమ్ము, పొలంలో పరిచిన డ్రిప్పు పైపు. మూడూ పాలిథీనే. రంగూ, కలిపిన మందులూ పక్కన పెడితే మూడింట్లోనూ కార్బన్, హైడ్రోజన్ తప్ప ఇంకేమీ ఉండవు. ఇథిలీన్ అనే చిన్న వాయువు అణువులు వేలకొద్దీ ఒకదానికొకటి తగులుకుని పొడవాటి గొలుసు అయితే అదే పాలిథీన్. మరి ఒకటి వేళ్లతో లాగితే సాగుతుంది, ఇంకొకటి మనిషి ఎక్కి నిలబడినా వంగదు. ఎందుకని?

తేడా పరమాణువుల్లో లేదు, గొలుసుల తీరులో ఉంది. గొలుసులు ఎంత పొడవున్నాయి, వాటికి పక్క కొమ్మలు ఎన్ని మొలిచాయి, ఆ కొమ్మలు అన్ని గొలుసులకూ సమంగా అందాయా, లేక కొన్నింటికే దక్కాయా అన్నదే అసలు సంగతి. దీన్ని తేల్చేది ఉత్ప్రేరకం. పాలిమర్ గొలుసును మల్లెదండ అనుకుంటే ఉత్ప్రేరకం ఆ దండ కట్టే చెయ్యి.

సింగిల్‌సైట్ ఉత్ప్రేరకాలు (గొలుసు కట్టే చోట్లన్నీ ఒకే తీరుగా ఉండేవి) అని పిలిచే కుటుంబం గురించి చెప్పేటప్పుడు చాలామంది అవి తెచ్చిన కొత్త ప్లాస్టిక్కుల జాబితా చదువుతారు. నాకు మాత్రం వాటి గొప్పతనం వేరేచోట కనిపిస్తుంది. అవి రాకముందు దండ బాగా రాకపోతే ఏ చెయ్యి తప్పు కట్టిందో ఎవరూ చెప్పలేకపోయేవారు. ఇవి వచ్చాక ఏ వేలు ఎంత వంగిందో కూడా చూపించగలుగుతున్నారు.

గుంపుగా కట్టిన దండలు

మొదటి పాలిథీన్‌లో ఏ చేతి పనితనమూ లేదు. 1933లో ఇంగ్లండ్‌లోని విన్నింగ్టన్‌లో, ఐసీఐ కంపెనీ ప్రయోగశాలలో ఎరిక్ ఫాసెట్, రెజినాల్డ్ గిబ్సన్ ఇథిలీన్‌ను వాతావరణానికి వెయ్యి రెట్లకు మించిన పీడనంలో వేడి చేస్తుంటే పాత్రలో తెల్లని మైనం లాంటి పదార్థం మిగిలింది. అంత ఒత్తిడిలో గొలుసులు ఎక్కడ పడితే అక్కడ కొమ్మలేశాయి. మెత్తగా, సులువుగా సాగే పాలిథీన్ ఇలాగే పుట్టింది. ఇప్పటికీ ఒక రకం ఇలాగే తయారవుతోంది.

జర్మనీలోని మ్యూల్‌హైమ్‌లో కార్ల్ జీగ్లర్ 1953లో ఆ ఒత్తిడి అవసరాన్ని తీసేశాడు. టైటానియం క్లోరైడ్‌కు అల్యూమినియం ఆల్కైల్ కలిపి, మామూలు పీడనంలోనే కొమ్మల్లేని గొలుసులు తీశాడు. మరుసటి ఏడాది మిలాన్‌లో జూలియో నట్టా అదే దారిలో ప్రొపిలీన్‌ను గొలుసు కట్టించాడు. ఇద్దరికీ 1963లో నోబెల్ వచ్చింది. ఈ జీగ్లర్-నట్టా ఉత్ప్రేరకాలు పాతబడి మూలన పడ్డాయని అనుకోకూడదు. ప్రపంచంలో తయారయ్యే పాలిప్రొపిలీన్‌లో అత్యధిక భాగం ఈ రోజుకీ వాటి చలవే.

కానీ అవి ఘనపదార్థాలు. స్ఫటికం మీద టైటానియం పరమాణువు ఒకటి అంచున ఉంటుంది, ఇంకొకటి మూలన ఉంటుంది, మరొకటి పగుల్లో ఇరుక్కుని ఉంటుంది. ఒక్కోదాని చుట్టూ ఉన్న చోటు ఒక్కో రకం. దాంతో ఒక్కోటి కట్టే దండ కూడా ఒక్కో రకం.

పండగ పూట ఊరంతా కలిసి దండలు కడుతున్నారనుకోండి. మల్లెల మధ్య అక్కడక్కడా మరువం పెట్టమన్నారు. అరుగు మీద కూర్చున్నవాళ్లు జాగ్రత్తగా బారెడు దండ కడుతున్నారు గానీ మరువం బుట్ట వాళ్లకు అందడం లేదు. బుట్ట పక్కనే కూర్చున్న పిల్లలు జానెడు దండల్లో మరువమే మరువం గుచ్చుతున్నారు. చివర్లో లెక్క చూస్తే మల్లెలూ మరువమూ చెప్పిన పాళ్లలోనే ఖర్చయ్యాయి. సగటు సరిపోయింది, దండలు మాత్రం సరిగ్గా రాలేదు.

సాగే ఫిల్మ్‌కు వాడే లీనియర్ పాలిథీన్‌లో జరిగేది అచ్చం ఇదే. ఇందులో మరువం అంటే బ్యూటీన్, హెక్సీన్, ఆక్టీన్ లాంటి తోడు మోనోమర్. గొలుసులో గుచ్చే ఒక్కో చిన్న అణువునూ మోనోమర్ అంటారు. అది గొలుసులోకి చేరినచోట చిన్న కొమ్మ నిలబడుతుంది. ఆ కొమ్మలు గొలుసులను మరీ దగ్గరగా పేరుకోనివ్వవు, అందుకే ఫిల్మ్ మెత్తగా, చిరగకుండా ఉంటుంది. జీగ్లర్-నట్టా పద్ధతిలో ఈ కొమ్మలు ఎక్కువగా పొట్టి గొలుసులకే పోతాయి. కొమ్మలు కిక్కిరిసిన ఆ పొట్టి గొలుసులు మెల్లగా ఫిల్మ్ పైకి తేలి జిడ్డు చేస్తాయి, లోపలున్న తిండికి వాసన పట్టిస్తాయి. కొమ్మల్లేని పొడవాటి గొలుసులు గట్టి స్ఫటికాలై ఫిల్మ్‌ను మసకబారుస్తాయి. తయారుచేసేవాళ్ల చేతిలో ఉన్నది సగటు ఒక్కటే. దాన్ని అటూ ఇటూ జరపగలరు గానీ ఏ గొలుసుకు ఏం దక్కాలో చెప్పలేరు.

హాంబర్గ్‌లో పడిన నీరు

స్ఫటికం వద్దు, ద్రావణంలో కరిగిపోయి ప్రతి అణువూ మరొకదానికి నకలుగా ఉండే లోహ సమ్మేళనం కావాలన్న ఆలోచన అప్పుడే పుట్టింది. అందుకు తగ్గ సమ్మేళనమూ సిద్ధంగా ఉంది. 1951లో వెలుగుచూసిన ఫెర్రోసీన్‌లో రెండు కార్బన్ ఉంగరాల మధ్య ఇనుము పరమాణువు ఇరుక్కుని ఉంటుంది. ఇలా రెండు ఉంగరాల మధ్య లోహాన్ని బిగించిన అణువులనే మెటలోసీన్లు అంటారు. ఇనుము బదులు టైటానియం పెట్టిన మెటలోసీన్‌ను 1957లో నట్టా బృందమూ, అమెరికాలో డేవిడ్ బ్రెస్లో విడివిడిగా పరీక్షించారు. ఇథిలీన్‌తో పని చేసింది గానీ నత్తనడక. ప్రొపిలీన్‌ను అసలు ముట్టనే లేదు. ఇంకో ఇరవయ్యేళ్ల దాకా మెటలోసీన్లు చర్య ఎలా జరుగుతుందో చూసుకోవడానికి నమూనాలుగానే మిగిలిపోయాయి.

ఆ తరువాతి ఘట్టం హాంబర్గ్ విశ్వవిద్యాలయంలో, 1970ల మధ్యలో జరిగింది. హాన్స్‌యోర్గ్ జిన్, వాల్టర్ కమిన్‌స్కీ బృందం మెటలోసీన్‌ను ట్రైమిథైల్ అల్యూమినియంతో కలిపి చూస్తోంది. ఈ అల్యూమినియం సమ్మేళనం గాలి తగిలితే అంటుకుంటుంది, నీరు తగిలితే పేలుతుంది. ఇలాంటి ఉత్ప్రేరకాలకు నీరు విషమని ఆ రంగంలో అడుగుపెట్టిన ప్రతి విద్యార్థికీ మొదటి రోజే చెబుతారు. గాజు పరికరాలను గంటల తరబడి ఆరబెట్టడం అందుకే. అలాంటి చోట పొరపాటున ఒక నమూనాలోకి కొంచెం నీరు చేరింది. చచ్చిపోవాల్సిన ఉత్ప్రేరకం ఒక్కసారిగా ఇథిలీన్‌ను గొలుసులు కట్టడం మొదలుపెట్టింది.

నీరు పడిందని ఆ గొట్టాన్ని పారబోసి ఉంటే కథ అక్కడితో ముగిసేది. వాళ్లు పారబోయలేదు. ఈసారి కావాలనే కొలిచి నీరు కలిపారు, ఎంత కలిపితే ఏమవుతుందో చూశారు. చివరికి తేలింది ఏమిటంటే, నీరూ ట్రైమిథైల్ అల్యూమినియమూ కలిసి మిథైల్ అల్యూమినోక్సేన్ అనే కొత్త పదార్థమవుతున్నాయి. అసలు శక్తి దానిదే. దాన్ని విడిగా తయారుచేసి జిర్కోనియం మెటలోసీన్‌కు కలిపినప్పుడు వచ్చిన అంకెలు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఒక్క జిర్కోనియం పరమాణువు గంటలో దాదాపు 46,000 గొలుసులు కట్టింది. అంటే ఒక సెకనులో 30 వేలకు పైగా ఇథిలీన్ అణువులను గుచ్చిందన్నమాట.

అది ఎలా సాధ్యం? మెటలోసీన్‌లో జిర్కోనియానికి రెండు ఉంగరాలతో పాటు రెండు క్లోరిన్లు ఉంటాయి. అల్యూమినోక్సేన్ ఒక క్లోరిన్ చోట మిథైల్‌ను (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్ల చిన్న గుంపు) పెడుతుంది, రెండోదాన్ని లాగేసుకుంటుంది. ఇక జిర్కోనియం మీద ధనావేశం, పక్కన ఒక ఖాళీ సీటు మిగులుతాయి. ఇథిలీన్ వచ్చి ఆ సీట్లో కూర్చుని, లోహానికీ గొలుసుకూ మధ్యకు జరుగుతుంది. గొలుసు ఒక మెట్టు పెరుగుతుంది, మళ్లీ సీటు ఖాళీ అవుతుంది. లాక్కున్న క్లోరిన్‌ను తిరిగి వదలకపోవడం, తాను వెళ్లి ఆ సీట్లో కూర్చోకుండా కొంచెం ఎడంగా నిలబడడం: ఈ రెండూ అల్యూమినోక్సేన్‌కు చేతనైన విద్యలు. 1986లో రిచర్డ్ జోర్డన్ ధనావేశమున్న జిర్కోనియం సమ్మేళనాన్ని విడిగా తయారుచేసి, అల్యూమినియం చుక్క కూడా లేకుండా దానితోనే పాలిథీన్ చేసి చూపాక ఈ వివరణ మీద నమ్మకం కుదిరింది. తరువాత ఇదే పనికి ఫ్లోరిన్లు తొడిగిన బోరాన్ సమ్మేళనాలూ వచ్చాయి. అల్యూమినోక్సేన్ స్వరూపం మాత్రం నలభై ఏళ్లకు పైగా దొరకలేదు. దాన్ని స్ఫటికంగా పట్టి, రేకులా పరుచుకున్న నిర్మాణమని చూపింది 2024లోనే.

ఇప్పుడు దండల దగ్గరకు రండి. కరిగిన ప్రతి జిర్కోనియం చుట్టూ అవే ఉంగరాలు, అదే చోటు. కట్టే చేతులు కోట్లున్నా అన్నిటికీ ఒకే అలవాటు. గొలుసుల పొడవుల్లో ఉండే చెదురును కొలవడానికి ఒక నిష్పత్తి వాడతారు. అన్ని గొలుసులూ అచ్చు ఒకే పొడవుంటే అది 1. ఒకే రకం చేతులు కట్టుకుంటూ, ఎప్పుడు పడితే అప్పుడు తెంపుతూ పోతే అది 2 దగ్గర ఉండాలని గణితం చెబుతుంది. మెటలోసీన్ పాలిథీన్‌లో సరిగ్గా 2 చుట్టుపక్కలే వస్తుంది. జీగ్లర్-నట్టా పాలిథీన్‌లో 4 నుంచి పైకి పోతుంది. మరువం కూడా పొడుగు దండకూ పొట్టి దండకూ ఒకే పాళ్లలో అందుతుంది.

రెండు ఉంగరాలకూ ఒక పిడి

ప్రొపిలీన్ సంగతి ఇంకా చిక్కు. ప్రతి ప్రొపిలీన్‌కూ ఒక మిథైల్ తోక ఉంటుంది. గుచ్చేటప్పుడు తోకలన్నీ ఒకే వైపు ఉంటే ఐసోటాక్టిక్. గట్టిగా ఉంటుంది, 160 డిగ్రీలు దాటితే గానీ కరగదు. ఒకటి ఇటు, ఒకటి అటు వరసగా వస్తే సిండియోటాక్టిక్. ఏ పద్ధతీ లేకపోతే ఎటాక్టిక్, జిగురుముద్ద. ఫార్ములా మూడింటికీ ఒక్కటే. హాంబర్గ్ మెటలోసీన్ కట్టింది ఈ మూడో రకం. దాని ఉంగరాలు రెండూ విడివిడిగా గిరగిరా తిరుగుతాయి. వచ్చే ప్రొపిలీన్‌కు ఇటు తిరిగి కూర్చో అని చెప్పే ఆసరా అక్కడేమీ లేదు.

కాన్‌స్టాంజ్‌లో హాన్స్ హెర్బర్ట్ బ్రింట్‌సింగర్ రెండు ఉంగరాలనూ ఒక చిన్న వంతెనతో కలిపి, తిరగకుండా బిగించాడు. ఈ రకం అణువులకు అన్సా అని పేరు. లాటిన్‌లో ఆ మాటకు పిడి అని అర్థం. 1984లో ఎక్సాన్ కంపెనీలో జాన్ యూవెన్ ఇలాంటి టైటానియం సమ్మేళనంతో కొంత ఐసోటాక్టిక్ పాలిప్రొపిలీన్ తీశాడు. మరుసటి ఏడాది కమిన్‌స్కీ, బ్రింట్‌సింగర్ కలిసి జిర్కోనియంతో ఇంకా శుద్ధంగా తీశారు.

1988లో యూవెన్ చేసిన పని నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా ఇష్టం. ఈసారి ఆయన రెండు ఉంగరాలనూ ఒకే రకంగా ఉంచలేదు. ఒకవైపు చిన్నది, ఇంకోవైపు ఫ్లోరెనైల్ అనే పెద్ద ఉంగరాల గుంపు పెట్టాడు. గొలుసు పెరిగే తీరు తెలిసిందే కదా: ఒక అణువు చేరగానే గొలుసు ఎడమ సీటు నుంచి కుడి సీటుకు ఊగుతుంది, ఇంకోటి చేరగానే మళ్లీ ఎడమకు. ఈ అణువులో ఎడమ సీటూ కుడి సీటూ అద్దంలో ప్రతిబింబాల లాంటివి. అందుకని ఎడమ సీట్లో చేరిన తోక ఇటు, కుడి సీట్లో చేరిన తోక అటు. మల్లెలు అటొకటి ఇటొకటి పెట్టి కట్టే మన దండ తీరే అది. ఉత్ప్రేరకం ఆకారాన్ని కాగితం మీద గీసి, దాన్నుంచి ఏ పాలిమర్ వస్తుందో ముందే చెప్పడం ఇక్కడ మొదలైంది.

అయితే ఆ తొలి అణువులు కర్మాగారం వేడికి నిలబడలేదు. వేడి పెరిగేకొద్దీ గొలుసులు పొట్టివైపోయేవి. ఉంగరాలకు సరైన చోట ఒక మిథైల్‌ను, ఒక బెంజీన్ వలయాన్ని తగిలించి దాన్ని దారికి తెచ్చింది జర్మనీలోని హోక్స్ట్ కంపెనీలో వాల్టర్ స్పాలెక్ బృందం.

ఒకే తీరు తెచ్చిన తంటా

1990ల మొదట్లో మెటలోసీన్ పాలిథీన్ మార్కెట్లోకి వచ్చింది. పలచని ఫిల్మే ఎక్కువ బరువు మోసింది, తక్కువ వేడికే సీల్ అయ్యింది, గాజులా నిగనిగలాడింది. కానీ యంత్రం దగ్గర నిలబడేవాడికి అది తలనొప్పి.

నేను కొన్నాళ్లు ఒక ఫిల్మ్ యూనిట్లో క్వాలిటీ చూశాను. ప్లాస్టిక్ గింజలను అక్కడ దానా అంటారు. పాత దానా బదులు మెటలోసీన్ దానా మొదటిసారి హాపర్‌లో పోసిన రోజు నాకు బాగా గుర్తు. మోటారు ఆంప్స్ ఎగబాకాయి. కరిగిన ప్లాస్టిక్ బయటికి వచ్చే సందు, అంటే డై, దగ్గర నుంచి గాలి ఊదితే బుడగలా లేచే ఫిల్మ్ మీద సొరచేప చర్మంలా గరుకు వచ్చింది. ఆపరేటర్ అన్న వేడి పెంచాడు, వేగం తగ్గించాడు, పోలేదు. చివరికి అధిక పీడనంలో చేసిన పాత రకం దానా ఐదో వంతు కలిపాక బుడగ నునుపైంది. అదే ఫిల్మ్ మీద పరీక్ష బాణం పడేసినప్పుడు పాత ఫిల్మ్‌కు చిల్లు పడే ఎత్తు నుంచి పడినా ఇది తట్టుకుంది.

ఇది ఎందుకు జరిగిందో గొలుసుల్లోనే ఉంది. పాత పాలిథీన్‌లో పొట్టి గొలుసులు నూనెలా పనిచేసి మిగతావాటిని జారనిచ్చేవి. మనం లోపం అనుకున్నదే యంత్రానికి సాయం చేసేది. అన్నీ ఒకే పొడవైపోయేసరికి ఆ సాయం పోయింది.

డౌ కంపెనీ దీనికి మరో ఉపాయం పట్టింది. రెండు ఉంగరాల్లో ఒకదాన్ని తీసేసి, దాని చోట నైట్రోజన్‌ను పెట్టి వంతెనతో కట్టేసిన టైటానియం ఉత్ప్రేరకాలు అవి. కన్‌స్ట్రెయిన్డ్ జామెట్రీ అని వాటి పేరు. ఒక ఉంగరం పోవడంతో లోహం ముందు చోటు బాగా తెరుచుకుంది. ఆక్టీన్ లాంటి పెద్ద అణువులే కాదు, తెగిపోయిన పాత గొలుసు చివర కూడా మళ్లీ వచ్చి చేరగలుగుతుంది. అలా చేరితే గొలుసుకు ఒక పొడవాటి కొమ్మ వస్తుంది. వెయ్యి కార్బన్లకు ఒకటి కూడా లేని ఆ కొమ్మలే కరిగిన పాలిమర్‌ను డైలోంచి సాఫీగా జారనిస్తాయి. సోలార్ ప్యానెళ్లలో గాజుకూ సెల్‌కూ మధ్య వేసే మెత్తని పాలియోలెఫిన్ పొర, చెప్పుల అడుగు నురుగు ఈ కుటుంబం నుంచి వచ్చినవే.

గొలుసులు ఒకే పొడవుండడమే కావాల్సిన చోట్లు కూడా ఉన్నాయి. కరోనా రోజుల్లో మాస్కుల మధ్య పొర కోసం ప్రపంచమంతా వెతికింది. కరిగిన పాలిప్రొపిలీన్‌ను వేడిగాలితో ఊది వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నని పోగులు తీస్తారు. నీళ్లలా పారే పాలిమర్ ఉంటేనే అది వీలవుతుంది. జీగ్లర్-నట్టా పాలిమర్ అయితే పెరాక్సైడ్‌తో గొలుసులను నరికి పలచన చేస్తారు. మెటలోసీన్‌తో అయితే రియాక్టర్ నుంచే కావలసిన పొడవులో దింపవచ్చు.

ఉంగరాలు దాటి

1995 నాటికి ఉంగరాలే అక్కర్లేదని తేలింది. నార్త్ కరోలినాలో మారిస్ బ్రూక్‌హార్ట్ నికెల్, పల్లాడియంలకు బరువైన నైట్రోజన్ చేతులు తొడిగాడు. ఈ లోహాలు గొలుసు చివరనే కూర్చోవు, వెనక్కి నడుచుకుంటూ పోయి మధ్యలో ఎక్కడో మళ్లీ గుచ్చడం మొదలుపెడతాయి. అందువల్ల మరువం లేకుండా, ఉత్త ఇథిలీన్‌తోనే కొమ్మలు వస్తాయి. 1998లో బ్రూక్‌హార్ట్, లండన్‌లో వెర్నన్ గిబ్సన్ విడివిడిగా చవకైన ఇనుముతో ఇలాంటివి చేశారు. జపాన్‌లో మిత్సుయి కంపెనీలో తెరునోరి ఫుజితా బృందం ఫీనాక్సీ-ఇమీన్ చేతులతో మరో పెద్ద కుటుంబాన్నే తీసుకొచ్చింది.

నికెల్, పల్లాడియం వైపు అందరూ చూడడానికి ఇంకో కారణం ఉంది. జిర్కోనియం, టైటానియంలకు ఆక్సిజన్ అంటే ప్రాణం. ఆక్సిజన్ ఉన్న మోనోమర్ కనబడితే దాన్నే పట్టుకుని పని మానేస్తాయి. నికెల్‌కు ఆ బలహీనత తక్కువ. కాన్‌స్టాంజ్‌లోనే స్టెఫాన్ మెకింగ్ బృందం 2021లో నికెల్ ఉత్ప్రేరకంతో ఇథిలీన్ గొలుసులో అక్కడక్కడా మాత్రమే కార్బన్ మోనాక్సైడ్‌ను కూర్చింది. పాలిథీన్ లక్షణాలు అలాగే ఉన్నాయి, కానీ ఎండ తగిలితే కార్బన్ మోనాక్సైడ్ చేరిన చోట్ల (వాటినే కీటోన్లు అంటారు) గొలుసు తెగుతుంది. గొలుసు పుట్టేటప్పుడే అది ఎక్కడ విడిపోవాలో రాసిపెట్టడం ఇది.

చెత్త విషయంలో ఉత్ప్రేరకాలు ఏమి చేయగలవన్న ప్రశ్నకు ఇంకో జవాబు 2017లో వచ్చింది. పాలిథీన్, పాలిప్రొపిలీన్ చూడ్డానికి అన్నదమ్ములే గానీ కరిగించి కలిపితే నూనె నీళ్లలా విడిపోతాయి. చెత్తకుప్పలో అవి కలిసే ఉంటాయి, వేరుచేయడం ఖర్చు. అందుకే రెండూ కలిసిన చెత్త నుంచి పెళుసు సరుకే వస్తుంది. కార్నెల్‌లో జెఫ్రీ కోట్స్, మిన్నెసోటాలో ఫ్రాంక్ బేట్స్ బృందాలు హాఫ్నియం ఉత్ప్రేరకంతో కొంతదూరం పాలిథీన్, కొంతదూరం పాలిప్రొపిలీన్, మళ్లీ పాలిథీన్, మళ్లీ పాలిప్రొపిలీన్‌గా సాగే గొలుసులు కట్టాయి. వాటిని నూటికి ఐదు పాళ్లకు లోపే కలిపితే పెళుసు మిశ్రమం సాగే పదార్థమైంది. రెండు ఫిల్మ్‌ల మధ్య పూసి ఊడబెరకబోతే అతుకు విడలేదు, ఫిల్మే చిరిగింది.

ఆ నాలుగు ముక్కల గొలుసు కట్టాలంటే ఉత్ప్రేరకం మధ్యలో చెయ్యి వదలకూడదు. పాలిథీన్ ముక్క ముగిసేదాకా ఆగి, వాయువు మార్చి, మళ్లీ అదే గొలుసు మీద కొనసాగాలి. అందుకే ఇందులో ఒక హాఫ్నియం పరమాణువు తన జీవితకాలంలో కట్టేది ఒకే ఒక్క గొలుసు. హాంబర్గ్ జిర్కోనియం గంటకు 46,000 కట్టింది. చేతి కూలీ ఎక్కడ పడుతోందో దీన్నిబట్టే తెలుస్తుంది. డౌ శాస్త్రవేత్తలు 2006లో చూపిన పద్ధతి ఈ ఖర్చు తగ్గించే దారుల్లో ఒకటి. ఒకే పాత్రలో రెండు రకాల ఉత్ప్రేరకాలు ఉంటాయి, జింక్ సమ్మేళనం గొలుసును ఒకదాని దగ్గర నుంచి తీసుకుని ఇంకోదానికి అందిస్తూ ఉంటుంది. మెత్తని ముక్క ఒకరు, గట్టి ముక్క ఒకరు కడతారు. ఒక్కో లోహం ఎన్నో గొలుసులు ఇస్తుంది. కానీ ఏ ముక్క ఎంత పొడవుండాలో అక్కడ జింకుది ఇష్టం, మళ్లీ సగటు మాత్రమే మన చేతిలో ఉంటుంది. కచ్చితత్వాన్ని వదులుకోకుండా ఆ ఒక్క హాఫ్నియం చేత వెయ్యి గొలుసులు కట్టించగలిగిన రోజున, రోడ్డు పక్కన కలగలిసి పడి ఉన్న కవర్లూ సీసా మూతలూ ఒకే గుట్టగా కరిగించుకోవచ్చు.